డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌లో ఇద్దరు పిల్లలకు చదువుకునే చోటు ఎక్కడ పెట్టాలి? సలహా చెప్పండి

అక్కయ్యపాలెం_అమ్మ · జూన్ 3, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. బడులు తెరవడానికి ఇంకో వారం పది రోజులే ఉంది. ఈలోపు ఇంట్లో పిల్లలకు చదువుకోవడానికంటూ ఒక చోటు కుదర్చాలని నా తాపత్రయం. మాది విశాఖపట్నం అక్కయ్యపాలెంలో మూడో అంతస్తు. అమ్మాయి ఈ ఏడు పదో తరగతి, బాబు ఆరో తరగతి. ఒక గదిలో మేమిద్దరం, పాప పడుకుంటాం. రెండో గది మావయ్యగారిది, బాబు ఆయన దగ్గరే పడుకుంటాడు. హాల్లో టీవీ.

ఇన్నాళ్ళూ పాప మంచం మీద బోర్లా పడుకుని చదివేది. ఇప్పుడు మెడ పట్టేస్తోందని రోజూ అంటోంది. బాబుది డైనింగ్ టేబుల్. అన్నాలకి కూర్చునే ప్రతిసారీ వాడి పుస్తకాలు ఎత్తాలి, మళ్ళీ పరచాలి. మొన్న మార్చిలో లెక్కల నోట్సు మీద పప్పుచారు ఒలికి, పరీక్షకి రెండు రోజుల ముందు నాలుగు పేజీలు అంటుకుపోయాయి. వాడు ఏడవలేదు కానీ ఆ పేజీలు విడదీస్తూ కూర్చున్న తీరు చూసి నాకే ఏడుపొచ్చింది.

నాకు కనిపిస్తున్న చోట్లు మూడు. ఒకటి బాల్కనీ: నాలుగు అడుగుల వెడల్పు, పడమర ముఖం, వాషింగ్ మెషిన్ అక్కడే ఉంది. రెండు హాల్లో టీవీకి ఎదురు మూల. మూడు మా గదిలో బీరువా పక్కన మూడడుగుల ఖాళీ, కిటికీ లేదు. పదివేల లోపు అయిపోవాలి. ఏది మంచిది?

ప్లై_పనివాడు · జూన్ 3, రాత్రి 10:47

అమ్మా, నేను గాజువాకలో వడ్రంగి పని చేస్తాను. బాల్కనీ మాట మర్చిపోండి. పడమర బాల్కనీ అంటే పిల్లలు బడి నుంచి వచ్చే వేళకి గోడ, నేల రెండూ కాలుతుంటాయి. పైగా వాన జల్లు కొడుతుంది. మన ఊళ్ళో గాలిలోనే చెమ్మ. నేను బాల్కనీలో చేసిపెట్టిన బల్లలు మూడిటికి రెండు రెండేళ్ళు తిరక్కుండానే అంచులు పొంగాయి. ఇప్పుడు ఎవరైనా అడిగితే ముందే వద్దని చెప్పేస్తున్నాను.

రెడీమేడ్ టేబుల్ కొనేటప్పుడు కింద అంచు గోకి చూడండి. పొడి రాలితే అది పార్టికల్ బోర్డు. ఇల్లు తడిగుడ్డ పెట్టిన ప్రతిసారీ కాళ్ళ దగ్గర నీళ్ళు పీల్చుకుంటుంది. చేయించుకుంటే 18 లేదా 19 ఎంఎం ప్లై, అంచులన్నిటికీ బీడింగ్. చెమ్మ తగిలే గోడ అయితే ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకోండి. పొడి గోడ అయితే ఐఎస్ 303 ముద్ర ఉన్న మామూలు ప్లై చాలు, ఊరికే డబ్బు పోయకండి.

మధురవాడ_నాన్న · జూన్ 3, రాత్రి 11:20

మేడమ్, మా ఇంట్లో జరిగింది చెబుతాను, మీకు పనికొస్తుంది. రెండేళ్ళ కింద మా అబ్బాయి ఇంటర్‌లో చేరినప్పుడు వాడికి ఒక గది మొత్తం ఇచ్చేశాం. ఏసీ, తిరిగే కుర్చీ, గోడంతా అరలు, నలభై వేలు దాటింది. వారం రోజులు కూర్చున్నాడు. ఆ తర్వాత చూస్తే పుస్తకం పట్టుకుని వంటింటి గుమ్మం పక్కన నేల మీద కూర్చుంటున్నాడు. కోప్పడ్డాను కూడా. నిదానంగా అడిగితే, "తలుపేస్తే భయంగా ఉంటుంది నాన్నా, ఎవరూ లేనట్టుంటుంది" అన్నాడు.

అప్పుడు ఆ టేబులే తెచ్చి హాల్‌కీ వంటింటికీ మధ్య గోడకి వేశాం. వాళ్ళమ్మ పని చేసుకుంటున్న అలికిడి వినిపిస్తుంది కానీ మనిషి ఎదురుగా కనపడదు. ఆ చోటులో రెండేళ్ళు చదివాడు. అందుకే ముందు పిల్లల్ని అడగండి. ఎక్కడ కూర్చుంటే వాళ్ళకి బాగుంటుందో వాళ్ళకే తెలుసు, మనం అడగం అంతే.

వైరింగ్_అన్న · జూన్ 4, ఉదయం 7:05

బాల్కనీ నేనూ వద్దంటాను, నా కారణం వేరు. వాషింగ్ మెషిన్ నీళ్ళు పారే చోట ఎక్స్‌టెన్షన్ బాక్స్ నేల మీద పెట్టి ల్యాంపు, ల్యాప్‌టాప్ తగిలించడం ప్రమాదం. ఎక్కడ పెట్టినా బల్ల ఎత్తులో గోడకే ఒక ప్లగ్ పాయింట్ వేయించండి, ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నులది. మెయిన్ బోర్డులో 30 మిల్లీ యాంప్ ఆర్‌సీసీబీ, అంటే కరెంట్ లీకైతే వెంటనే ఆపేసే స్విచ్, ఉందో లేదో చూసుకోండి. లేకపోతే ఈ పనితోపాటే పెట్టించేయండి.

ఇక వెలుతురు. వెలుతురుని లక్స్‌లో కొలుస్తారు, చదివే బల్ల మీద 300 నుంచి 500 లక్స్ ఉండాలి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ పెట్టి కొలిస్తే సుమారుగా తెలుస్తుంది. మా ఇంట్లో ట్యూబ్‌లైటు వెనక గోడకి ఉంది. మా పాప కూర్చున్నాక దాని నీడే పుస్తకం మీద పడి 80 చూపించింది. గది అంతా వెలుగుగానే కనిపిస్తుంది, పుస్తకం మీదికి మాత్రం రాదు. తొమ్మిది వాట్ల ఎల్ఈడీ బల్బుతో ఒక టేబుల్ ల్యాంపు పెడితే తీరిపోయింది. రంగు 4000 కెల్విన్ తీసుకోండి. 6500ది తెల్లగా కొట్టొచ్చినట్టుంటుంది, రాత్రి పడుకునే ముందు అంత తెలుపు వద్దు. రాసే చెయ్యి కుడిదైతే ల్యాంపు ఎడమ పక్కన. లేదంటే చేతి నీడ అక్షరం మీదే పడుతుంది.

లాసన్స్‌బే_గాలి · జూన్ 4, ఉదయం 8:30

సముద్రం గాలి నేరుగా తగిలే ఇల్లు మాది. పుస్తకాల గురించి ఒక్క మాట. అరని బయటి గోడకి ఆనించి కొట్టించకండి, రెండు అంగుళాలు వదలండి. మా అబ్బాయి అట్లాసు వానాకాలం పొడుగునా గోడకి ఆనుకుని ఉండిపోయింది. సెప్టెంబర్‌లో తీస్తే అట్ట వెనక పచ్చటి బూజు పొరలా లేచింది. తెరిస్తే పేజీల మధ్య వెండి పురుగులు. అంతకంటే చిన్న సంగతి, కానీ మా దగ్గర ప్రతి ఇంట్లో ఉంటుంది: నోటు పుస్తకం నడిమి పిన్నులు తుప్పు పట్టి, ఆ తుప్పు కాగితంలోకి దిగి, నడిపేజీ ఊడి చేతికొస్తుంది. కంపాస్ ముల్లు కూడా అంతే. ఇప్పుడు దారంతో కుట్టిన పుస్తకాలే కొంటున్నాం. అరలో ఎండిన వేపాకు, సిలికా జెల్ పొట్లాలు వేస్తున్నాం. నాఫ్తలీన్ ఉండలు మాత్రం పిల్లలు గంటల తరబడి కూర్చునే చోట వద్దు.

మరో సంగతి: తూర్పుకి తిరిగి కూర్చునేలా చూడండి. మా అత్తగారు పట్టుబట్టి అలా వేయించారు, మాకు కలిసొచ్చింది.

గ్రూప్2_మూడోసారి · జూన్ 4, మధ్యాహ్నం 1:15

తూర్పు సంగతి నాకు తెలీదు కానీ, ముఖం ఖాళీ గోడ వైపు ఉండాలన్నది నా అనుభవం. హాల్లో టీవీకి ఎదురు మూల అంటున్నారు. వద్దక్కా. టీవీ ఆపేసినా ఎదురుగా ఆ తెర ఉంటే కన్ను అటే పోతుంది.

నేను మద్దిలపాలెంలో ఇంకో ఇద్దరితో గది పంచుకుంటున్నాను. పగలు ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి పోతాను. అక్కడ ఎందుకు చదువు సాగుతుందో ఆలోచిస్తే, బల్ల మీద ఇంకేమీ ఉండదు కాబట్టి. నేను తీసుకెళ్ళిన రెండు పుస్తకాలు, పెన్ను, నీళ్ళ సీసా, అంతే. ఇంట్లో బల్ల మీద పాత పేపర్లు, చార్జర్, దువ్వెన, కరెంట్ బిల్లు అన్నీ చేరతాయి. అందుకని గదిలో నా బల్ల మీద కూడా ఆ పూట చదివేవే పెడుతున్నాను, మిగతావి మంచం కింద డబ్బాలో. ఫోన్ అయితే గదిలోనే ఉంచను, వంటింట్లో బియ్యం డబ్బా మీద చార్జింగ్‌కి పెడతాను. చేతికి అందే దూరంలో ఉంటే నేను ఆగలేకపోతున్నానని ఒప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఇంకొకటి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను పదో తరగతే. పెదవాల్తేరులో ఉండేవాళ్ళం. రోజుల తరబడి కరెంట్ లేదు. తెల్లారగానే మేడమెట్ల మీద కూర్చుని చదివేవాణ్ణి. ఐదున్నర నుంచి ఏడు దాకా ఎవరి గొంతూ ఉండదు, చల్లగాలి. కరెంట్ వచ్చాక కూడా ఆ అలవాటు మానలేదు, ఇప్పటికీ అదే నా మంచి గంటన్నర. మీ పాపకి పొద్దున్న వెలుతురు ఏ కిటికీ లోంచి వస్తుందో ముందు చూడండి.

కంచరపాలెం_ఒంటిగది · జూన్ 4, రాత్రి 9:02

మాది ఒకటే గది, రేకుల ఇల్లు, నలుగురం. నేను పాలిటెక్నిక్ రెండో ఏడు. ఇక్కడ అందరూ చోటు ఎక్కడ అని అడుగుతున్నారు. మా ఇంట్లో మాత్రం ఎప్పుడు అనేదే ప్రశ్న.

మా అమ్మ బట్టలు కుడుతుంది. సాయంత్రం ఏడింటికి మిషన్ తలని లోపలికి దించి పైన పలక మూసేస్తుంది. అప్పటి నుంచి తొమ్మిదిన్నర దాకా అదే నా బల్ల. మొదట్లో ఒక ఇబ్బంది ఉండేది. కాళ్ళు పెట్టుకునేది తొక్కుడు పలక మీద కదా, కొంచెం కదిలితే చాలు, అది కిందికి పోయి చక్రం తిరిగేది, బల్ల వణికేది, రాత వంకర పోయేది. నాన్న పలక కింద ఇటుక పెట్టి దాని మీద గోనెపట్టా మడిచి వేశాడు. ఇప్పుడు కదలదు. పొద్దున్న అమ్మ ఇటుక తీసి పక్కన పెట్టుకుని కుట్టుకుంటుంది. రాత్రి నేను వచ్చేసరికి ఇటుక మళ్ళీ దాని చోట్లో ఉంటుంది. ఒక్కరోజు కూడా నేను పెట్టుకోవాల్సి రాలేదు.

ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా టీవీ పెట్టరు, చుట్టాలు ఫోన్ చేసినా బయటికెళ్ళి మాట్లాడతారు. మొదట్లో రెండు సబ్జెక్టులు పోయాయి. ఈ ఏర్పాటు తర్వాత ఒక్కటీ పోలేదు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు · జూన్ 4, రాత్రి 9:40

అమ్మాయీ, ఆ ఇటుక సంగతి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను. మీ అమ్మానాన్నలకు నా నమస్కారం చెప్పు.

అక్కయ్యపాలెం అమ్మగారూ, మీకు రెండు ప్రశ్నలు. మావయ్యగారి గదిలో కిటికీ ఉందా, ఉంటే ఏ దిక్కు? ఇద్దరు పిల్లల్లో ఎవరిదైనా ఎడమచేతి వాటమా?

అక్కయ్యపాలెం_అమ్మ · జూన్ 5, ఉదయం 6:20

ఇంతమంది ఇంత ఓపిగ్గా రాశారు, ఒక్కొక్కటీ మా వారికి చదివి వినిపించాను. మాస్టారూ, ఆ గదిలో ఉత్తరం కిటికీ ఉంది, నాలుగడుగులది. కానీ దాని కిందే మావయ్యగారి మంచం. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఆయన్ని కదపమని అడగలేం, అందుకే ఆ గది లెక్కలోకి తీసుకోలేదు. బాబుది ఎడమచెయ్యే! మీకెలా తెలిసింది?

రిటైర్డ్_లెక్కల_మాస్టారు · జూన్ 5, ఉదయం 7:30

తెలియదమ్మా. పైన వైరింగ్ చేసే బాబు కుడిచేతికి ఎడమ నుంచి వెలుతురు అన్నాడు కదా, తిరగేసి అడిగాను. ముప్పై ఏళ్ళు తరగతి గదిలో ఎడమచేతి పిల్లలు ఒళ్ళంతా మెలితిప్పి రాయడం చూశాను. గదులన్నీ కుడిచేతి వాళ్ళకి వెలుతురు వచ్చేట్టే కట్టేవారు.

ఇక ఉత్తరం కిటికీ. మన ఊరు భూమధ్యరేఖకి ఉత్తరంగా 17.7 డిగ్రీల దగ్గర ఉంది. ఏడాదిలో ఎక్కువ భాగం సూర్యుడు దక్షిణం వైపే ఒరిగి నడుస్తాడు. మే మధ్య నుంచి జూలై చివరి దాకా మాత్రం మిట్టమధ్యాహ్నం కొద్దిగా ఉత్తరానికి వస్తాడు. అందుకని ఉత్తరం కిటికీలోంచి ఎండ పెద్దగా మీద పడదు, వెలుతురు మాత్రం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకే తీరుగా ఉంటుంది.

ఇప్పుడు బల్ల పొడవు కిటికీ గోడ నుంచి గది లోపలికి వచ్చేట్టు వేశారనుకోండి. పాప పడమర పక్కన, తూర్పుకి తిరిగి కూర్చుంటుంది. తూర్పుకి తిరిగితే ఎడమ పక్క ఉత్తరం, అంటే కిటికీ ఎడమన ఉంది, కుడిచేతికి నీడ పడదు. లాసన్స్ బే అమ్మగారి అత్తగారి మాటా నిలబడింది. బాబు ఎదురు పక్కన పడమరకి తిరిగి కూర్చుంటాడు. వాడికి కిటికీ కుడి పక్కన వస్తుంది, ఎడమచేతికి అదే కావాలి. ఒకే కిటికీ, ఒకే బల్ల, ఇద్దరికీ సరైన వెలుతురు. ఇంతకంటే పొందికైన లెక్క నాకు ఈ మధ్య తగల్లేదు.

ఎదురెదురుగా కూర్చుంటే కబుర్లాడతారన్నది నిజమే. మధ్యలో అడుగెత్తు అట్ట నిలబెట్టండి. బాబు పైకి చదివే రకమైతే ఆ అరగంట వాడిని హాల్లోకి పంపండి, అక్క చెవి పక్కన వద్దు.

మంచం సంగతి మీ ఇంటి విషయం, నేను చెప్పకూడదు.

ప్లై_పనివాడు · జూన్ 5, ఉదయం 8:10

మాస్టారు చెప్పినట్టే వేయొచ్చు. నాలుగడుగుల పొడవు, రెండున్నర వెడల్పు. గోడ వైపు ఎల్ బ్రాకెట్లకి గట్టిగా బిగించాలి. ఇవతలి చివర ఇనుప కాలు. కాలికి రెడ్ ఆక్సైడ్ కొట్టాకే పెయింటు వేయించండి, లేకపోతే మన గాలికి ఆర్నెల్లలో తుప్పు.

ఎత్తు కొలిచే తీరు చెబుతాను, అంగుళాలు నన్ను అడగొద్దు. పిల్లని కుర్చీలో కూర్చోబెట్టండి, పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాలి. చెయ్యి పక్కకి వదిలి మోచెయ్యి మడవమనండి. నేల నుంచి మోచెయ్యి కింది దాకా టేపు పెట్టండి. బల్ల పైభాగం అక్కడికి రావాలి. పెద్దవాళ్ళ బల్ల మామూలుగా 29, 30 అంగుళాలు ఉంటుంది, ఆరో తరగతి పిల్లాడికి అది గుండెల దాకా వస్తుంది. మీకు ఇద్దరు కాబట్టి పాప కొలతకి చేయించండి. బాబు కుర్చీ మీద గట్టి దిండు వేసి, కాళ్ళ కింద పీట పెట్టండి. కాళ్ళు గాల్లో వేలాడితే ఏ పిల్లాడూ పావుగంట కంటే కూర్చోలేడు. అల్లరి అనుకుని తిడతాం, తొడల కింద తిమ్మిరెక్కుతుందంతే.

కళ్ళద్దాల_చెల్లి · జూన్ 5, సాయంత్రం 6:45

కంటి పరీక్షలు చేసే పనిలో ఉన్నాను. బల్ల ఎత్తు కుదిరితే పుస్తకానికీ కంటికీ మధ్య దూరం దానంతటదే కుదురుతుంది, 14 నుంచి 16 అంగుళాలు ఉండాలి. పుస్తకాన్ని కొంచెం వాలుగా నిలబెట్టే స్టాండు పాప మెడనొప్పికి కూడా సాయం చేస్తుంది. ప్రతి 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల అవతల ఉన్నదేదైనా 20 సెకన్లు చూడమనండి. పక్కన కిటికీ ఉంటే ఇది ఎంత తేలికో.

పదో తరగతి అనగానే పిల్లల్ని ఇంట్లోనే కూర్చోబెట్టేస్తారు, అది నా బాధ. రోజుకి గంటన్నర, రెండు గంటలు ఆరుబయట పగటి వెలుతురులో ఉన్న పిల్లల్లో దగ్గరచూపు మొదలయ్యే అవకాశం తగ్గుతుందని తేలింది. బాబు వయసుకి అది మరీ ముఖ్యం. సాయంత్రం ఆటకి పంపండి, ఆదివారం ఆర్కే బీచ్‌కి తీసుకెళ్ళండి. పాపకి మెడ నొప్పి, తలనొప్పి ఉంటే బల్ల రాకముందే ఒకసారి కళ్ళు చూపించండి. బోర్డు సరిగ్గా కనిపించడం లేదని పిల్లలకే తెలియదు, పుట్టినప్పటి నుంచి లోకం అలాగే ఉంటుందనుకుంటారు.

అక్కయ్యపాలెం_అమ్మ · జూన్ 7, రాత్రి 10:30

ఇది మీ అందరికీ చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నిన్న మా వారు మాస్టారు రాసింది మళ్ళీ చదువుతుంటే మావయ్యగారు విన్నారు. ఏమీ అనలేదు. ఈ రోజు మధ్యాహ్నం నేను వంటింట్లో ఉంటే గదిలోంచి గీరుకున్న చప్పుడు. వెళ్ళి చూస్తే ఆయన పరుపు చుట్టేసి, బాబుని అటు పట్టుకోమని మంచాన్ని దక్షిణం గోడకి జరుపుతున్నారు. నేను కంగారుపడి "మావయ్యగారూ, వద్దండీ, మీకు కిటికీ గాలి ఉండదు" అన్నాను. "నాకేటి, ఫ్యాను కింద చాలు. నేను వీధిలైటు కింద చదివాను, ఈ పిల్లగుంటలకి ఆ బాధ ఎందుకు" అన్నారు. అంతే, దాని గురించి మళ్ళీ మాట్లాడలేదు. టీవీ కూడా ఏడు నుంచి తొమ్మిది దాకా ఆపేద్దామని ఆయనే అన్నారు. ఆయన సీరియల్ ఎనిమిదింటికి. అది నాకు తెలుసు, అందుకే చెవికి పెట్టుకునే బ్లూటూత్ హెడ్‌ఫోన్ ఆర్డర్ పెట్టాం.

పాపకి కళ్ళు చూపించాం. రెండు కళ్ళకీ సైటు వచ్చింది. చెల్లీ, నీకు ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు.

కళ్ళద్దాల_చెల్లి · జూన్ 7, రాత్రి 10:52

అక్కా, చాలా సంతోషం. అద్దాలు వచ్చాక మొదటి వారం తల తిరిగినట్టుందంటుంది, భయపడకండి, మామూలే. తీసేసి పక్కన పెట్టనివ్వకండి. తాతగారిని కూడా ఒకసారి తీసుకెళ్ళండి, ఆ వయసులో శుక్లాలు చూపించుకోవాలి.

మధురవాడ_నాన్న · జూన్ 8, ఉదయం 6:40

తాతగారు అదే గదిలో ఉంటారు కదా, మా వాడికి నేను ఇవ్వలేకపోయింది మీ పిల్లలకి ముందే దొరికింది. పక్కన మనిషి ఉంటారు, కానీ మాట్లాడించరు.

అక్కయ్యపాలెం_అమ్మ · జూన్ 15, రాత్రి 9:15

బల్ల వచ్చింది. ప్లై, బ్రాకెట్లు, కాలు, కూలీ కలిపి ఆరువేల ఎనిమిది వందలు. ల్యాంపులు రెండు, ప్లగ్ పాయింట్ వేరే. కొలత మోచేతితోనే తీశాం, పాపకి 27 అంగుళాలు వచ్చింది.

కానీ ఒక సమస్య. రాత్రి ల్యాంపు వెయ్యకుండా గది లైటుతో చదువుతుంటే పేజీ మీద ఏదో ఆడుతున్నట్టుందని బాబు అంటున్నాడు. ముందు నాకు అర్థం కాలేదు. వాడి కుర్చీలో కూర్చుని తెల్లకాగితం పెట్టి చూశాను. నీడ ఒకటి టపటపా కొట్టుకుంటూ పోతోంది, కాగితం ఊపిరి పీల్చి వదులుతున్నట్టు. రెండు నిమిషాలకే నా కళ్ళు లాగాయి. ఇన్నేళ్ళు ఆ గదిలో ఇది ఎవరం గమనించలేదు.

వైరింగ్_అన్న · జూన్ 15, రాత్రి 9:33

ఫ్యాను నీడ మేడమ్. లైటు ఫ్యాను కంటే పైన ఉండి, బల్లకీ లైటుకీ మధ్యలో రెక్కలు తిరుగుతుంటే అలాగే కోస్తుంది. పడుకునే గదిగా ఉన్నన్నాళ్ళు తెలియదు, చదవడం మొదలుపెట్టాకే బయటపడుతుంది. ట్యూబ్‌లైటుని కిటికీ గోడ మీదికి, ఫ్యాను రెక్కల కంటే ఒక అడుగు కిందికి దించి బిగించండి. కేసింగ్‌లో వైరు లాగితే గంట పని. ఫ్యాను మాత్రం జరపొద్దు, తాతగారికి గాలి అదే.

కరెంట్ పోయినప్పటికి ఒక చార్జింగ్ ల్యాంపు ఎప్పుడూ బల్ల మీదే ఉంచండి. ఆన్‌లైన్ క్లాసులుంటే వైఫై రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, యాంపులు చూసి కొనండి.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు · జూన్ 16, ఉదయం 7:10

చోటు కుదిరింది కాబట్టి ఇప్పుడు ఆ చోటులో ఏం చేస్తారన్నది చెప్పాలి. బల్ల ముందు కూర్చున్న గంటలు లెక్కపెట్టకండి. పాప పాఠం చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది గుర్తున్నట్టు రాయమనండి. బల్ల పక్క గోడ మీద మూడడుగుల చదరం నల్లరంగు వేయించి సుద్దముక్క ఇవ్వండి. రాసి, పుస్తకం తెరిచి, వదిలేసినవి ఎర్రసుద్దతో చేర్చమనండి. రెండు రోజులాగి మళ్ళీ, వారం ఆగి మళ్ళీ. చదివింది మొదటి రోజుల్లోనే ఎక్కువగా జారిపోతుందని జర్మనీలో ఎబింగ్‌హాస్ అనే ఆయన తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో చూపించాడు. మళ్ళీ మళ్ళీ చదివితే వచ్చేసినట్టు అనిపిస్తుంది. బోర్డు దగ్గర నిలబడితేగానీ రాలేదని తెలియదు. నా విద్యార్థుల్లో పదిలో వెనకబడి ఇంటర్‌లో లేచిన పిల్లలు చాలామంది ఈ ఒక్క అలవాటుతో లేచారు.

గ్రూప్2_మూడోసారి · జూన్ 16, మధ్యాహ్నం 2:05

మాస్టారూ, గోడ లేనివాళ్ళం ఏం చెయ్యాలి? అద్దె గది, ఇంటాయన మేకు కూడా కొట్టనివ్వడు.

రిటైర్డ్_లెక్కల_మాస్టారు · జూన్ 16, మధ్యాహ్నం 3:20

పలక కొనుక్కో నాయనా. పెద్దది దొరక్కపోతే పరీక్ష అట్ట మీద పాత క్యాలెండర్ కాగితం వెనక్కి తిప్పి పెట్టి రాయి. మూడోసారి అని పేరు పెట్టుకున్నావు, ఈసారి ఫలితం వచ్చాక ఇక్కడికొచ్చి నాకు చెప్పాలి.

కంచరపాలెం_ఒంటిగది · జూన్ 16, రాత్రి 9:50

నేను ఈ రోజే మొదలుపెట్టాను మాస్టారూ. మా ఇనుప తలుపు లోపలి వైపు సుద్దతో. అమ్మ పొద్దున్న చెరిపేయనా అని అడిగితే వద్దన్నాను, గుర్తున్నదేంటో రేపు చూసుకోవాలి.

అక్కయ్యపాలెం_అమ్మ · జూన్ 24, రాత్రి 9:25

లైటు కిందికి దించాం, నీడ పోయింది. నల్లబోర్డు వేశాం. పాప అద్దాలు పెట్టుకుని మొదటి రోజు కిటికీలోంచి చూస్తూ, ఎదురింటి వేపచెట్టుకి ఆకులు విడివిడిగా కనిపిస్తున్నాయమ్మా అంది. మధ్యలో అట్ట పెట్టాం కానీ బాబు దానికి ఒక చిన్న కన్నం చేశాడు, అక్కని చూడటానికి. వదిలేశాం.

తాతగారు వాళ్ళు చదువుతున్నంతసేపూ మంచం మీద పేపరు పట్టుకుని కూర్చుంటున్నారు. బాబు ఎక్కం తప్పితే పేపరు వెనక నుంచే దగ్గుతారు, వాడు దిద్దుకుంటాడు.

ఇప్పుడు వానలు మొదలయ్యాక ఒకటే ఇబ్బంది. ఆరు దాటితే కిటికీలోంచి దోమలు. బల్ల కింద చీకటిగా ఉంటుంది కదా, నేరుగా కాళ్ళనే పట్టుకుంటున్నాయి. కిటికీ మూస్తే ఉక్క. ప్లై అన్నా, అతికించే నెట్టు తెచ్చాం, రెండు రోజులకే చెమ్మకి ఊడిపోయింది. ఫ్రేముతో చేయాలంటే ఏం వాడాలి?

ప్లై_పనివాడు · జూన్ 24, రాత్రి 9:48

అల్యూమినియం ఫ్రేము, ఫైబర్ మెష్. ఇనుప జాలీ వద్దు. జరిపే రకం కాకుండా లోపలికి తెరుచుకునే రకం చేయించండి, అప్పుడు కిటికీ రెక్క వెయ్యడానికి చెయ్యి పడుతుంది. కొలత కిటికీ లోపలి అంచు నుంచి లోపలి అంచుకి తీయండి, పైనా కిందా మధ్యలో మూడు చోట్ల. మూడూ ఒకటి రావు, అన్నిటికంటే చిన్నది నాకు పంపండి. ఆదివారం ఎన్ఏడీ జంక్షన్ వైపు పని ఉంది, అటు నుంచి వచ్చేటప్పుడు బిగించి వెళ్తాను.